నిటారుగా నిలబడ్డ ముల్లు

"సంతకం పెట్టండి ఇన్‌స్పెక్టర్ గారూ. ఎనిమిదిన్నరకి నా జీపు బయల్దేరాలి," అన్నాడు లెఫ్టినెంట్ ఆర్తేచే.

అప్పటికి టైము ఏడూ ఇరవై ఎనిమిది. శనివారం. మైదానంలోని మా ట్రినిదాద్ ఊరి విమానాల షెడ్డులో, సిమెంటు నేల మీద, గొడ్డు మాంసం మోసే పాత విమానం ముక్కలై పరిచి ఉంది. బుధవారం ఉదయం లా పాస్ వెళ్తూ కొండల్లో కూలిపోయిన విమానం అది. నడిపిన కెప్టెన్ లిసార్దో నోసా పోయాడు. వెనక గొడ్డు మాంసం మూటల మీద కూర్చుని వెళ్తున్న వ్యాపారి కూడా పోయాడు. ముక్కల్ని కొండ మీంచి గాడిదల మీద దించి, లారీలో ఇక్కడికి తెప్పించేసరికి మూడు రోజులు పట్టింది.

నా పేరు దామాసో మెల్గార్. ఒకప్పుడు పైలట్‌ని. కుడి చెవి పోయాక, విమానాలు ఎలా కూలాయో రాసిపెట్టే ఉద్యోగంలో పడ్డాను. లిసార్దోకి విమానం నడపడం నేర్పింది నేనే. ఆ మాట ఆర్తేచేకి తెలియదు, చెప్పే ఉద్దేశమూ నాకు లేదు.

"ఏం రాశావు?" అన్నాను.

"ఉన్నదే రాశాను. పైలట్ సీటు చుట్టూ బీరు కంపు. సీటు వెనకాల పగిలిన సీసా మెడ. ముందురోజు కార్నివాల్. తాగి నడిపాడు, కూల్చాడు. ఇందులో డిటెక్టివ్ పని ఏముంది సార్?"

షెడ్డు గోడవార బోర్లించిన పెట్టె మీద లిసార్దో భార్య అదేలా కూర్చుని ఉంది. నల్ల శాలువా, చేతిలో తడిసి ముద్దయిన చేతిరుమాలు. ఆమె తల ఎత్తలేదు. నిన్న సాయంత్రం ఆ వ్యాపారి తాలూకు మనుషులు ఆమె ఇంటి తలుపుకి పేడ కొట్టి, తాగుబోతు పెళ్ళామని అరిచి వెళ్ళారు. మొగుణ్ణి పూడ్చి ఇంకా రెండు రోజులు కాలేదు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే, ఆయన తాగలేదని కాగితం మీద రాయమని.

"లెఫ్టినెంట్, నువ్వు కొండ మీది వాడివేగా?"

"ఓరూరో మాది. అయితే?"

"ఆ సీసా మెడకి ఏం కట్టి ఉంది?"

ఆర్తేచే సంచీలోంచి గాజుముక్క తీసి చూశాడు. దానికి ఎరుపూ పసుపూ రిబ్బన్లు ముడేసి ఉన్నాయి.

"తాగేవాడు సీసాకి రిబ్బన్ కడతాడటయ్యా? ఇది చల్యా సీసా. కార్నివాల్ మంగళవారం కదా, విమానాలకి బీరు పోసి, రంగు కాగితాలు చల్లి దీవించారు. మీ అమ్మ ఇంటి గుమ్మానికి ఎన్నిసార్లు పోసిందో నీకు తెలీదా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "పోసినదాంట్లో సగం గొంతులోకీ పోతుంది సార్. మీ మైదానం వాళ్ళ సంగతి నాకు తెలుసు."

"నా మొగుడు మంగళవారం చుక్క ముట్టలేదు," అంది అదేలా, నేలకేసి చూస్తూనే. "తెల్లారితే ప్రయాణమని తొమ్మిదింటికే పడుకున్నాడు."

"భార్య అలాగే చెప్తుందిలెండి," అన్నాడు ఆర్తేచే.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఒళ్ళు మండితే సాక్ష్యం పుట్టదు. అందుకని వేళలు చెప్పాను.

"ఆరూ పదికి విమానం లేపాడు. ఏడూ ఇరవై రెండుకి రేడియోలో 'మబ్బులోకి వెళ్తున్నా' అన్నాడు. గొంతు తొణకలేదు, మాట తడబడలేదు, నేను ఆ ఆపరేటర్‌ని రెండుసార్లు అడిగాను. అతని చేతి గడియారం ఏడూ ఇరవై ఆరు దగ్గర ఆగిపోయింది. నాలుగంటే నాలుగే నిమిషాలు. కింద కోకా తోటలో ఉన్న ముసలమ్మ ఏం చెప్పింది? ఇంజన్ల మోత తల మీద మూడుసార్లు చుట్టు తిరిగిందని, ప్రతి చుట్టుకీ కీచుగా పెరిగిందని. అంటే ఇంజన్లు రెండూ బాగానే ఉన్నాయి. విమానం గుండ్రంగా తిరుగుతూ కిందికి జారింది. అది తిరుగుతోందని అతనికి తెలియలేదు."

"తిరుగుతున్న సంగతి తెలియకపోవడానికి తాగి ఉండటం చాలదా?"

"మబ్బులో తాగనివాడికీ తెలియదు. చెవి లోపల కాస్త నీరు ఉంటుంది, దాని ఊపుని బట్టే మనకి ఒరిగామో లేదో తెలుస్తుంది. మెల్లగా తిరిగితే కాసేపటికి ఆ నీరూ విమానంతోపాటే తిరగడం మొదలెడుతుంది. ఇక నువ్వు తిన్నగా వెళ్తున్నావనే అనుకుంటావు. ఆ అబద్ధాన్ని పట్టుకోవడానికే ఇది." నా చేతిలో ఉన్న నల్లటి గుండ్రటి డబ్బా చూపించాను. అద్దం పగిలింది, లోపల తెల్ల ముల్లు, దాని కింద వంపు గొట్టంలో ఓ చిన్న గుండు. "తాతా, స్క్రూడ్రైవర్ ఇటివ్వు."

తాతా అన్నది కసియానో ముయిబాని. అరవై ఆరేళ్ళ మెకానిక్. ఈ షెడ్డులో ప్రతి బోల్టూ అతని చేతి చలవే. స్క్రూడ్రైవర్ తుడిచి ఇచ్చాడు.

వెనక మూత విప్పాను. లోపల ఇత్తడి బొంగరం. ఇంజను గాలిని పీల్చితే, ఆ పీల్పుకి బయటి గాలి సన్నటి రంధ్రంలోంచి దూసుకొచ్చి ఆ బొంగరాన్ని నిమిషానికి వేల చుట్లు తిప్పుతుంది. విమానం ఎటు తిరిగితే అటు ముల్లుని ఒరిగించేది ఆ బొంగరమే. ఆ విమానంలో మబ్బులో దారి చూపేది అదొక్కటే. పక్కన ఉండాల్సిన ఇంకో పరికరం చెడిపోయి ఏళ్ళయింది. ఆ కంతకి రేకు కొట్టి, మేరీమాత బొమ్మ అంటించారు.

భూతద్దం పెట్టి బొంగరం చుట్టూ చూశాను. డబ్బా లోపలి గోడ కూడా చూశాను. తర్వాత ఇంకోసారి చూశాను, ఎందుకంటే మొదటిసారి చూసినది నాకు నచ్చలేదు.

"ఏముంది?" అన్నాడు ఆర్తేచే.

"ఏమీ లేదు. అదే సంగతి. వేల చుట్లు తిరిగే బొంగరం గోడకి గుద్దుకుంటే చుట్టూ గీరుకుపోతుంది, ఇత్తడి పొడి రాలుతుంది. ఇక్కడ ఒకే ఒక్క సొట్ట పడింది. గీత లేదు. విమానం కొండని కొట్టేసరికి ఈ బొంగరం ఆగిపోయి ఉంది."

"మరి ముల్లు?"

"బొంగరం ఆగితే ముల్లు పడిపోదు లెఫ్టినెంట్. అదే దరిద్రం. స్ప్రింగు దాన్ని సరిగ్గా మధ్యలో, నిటారుగా నిలబెడుతుంది. తిన్నగా పోతున్నావు నాయనా, భయం లేదు అన్నట్టు."

పగిలిన అద్దం వెనక ముల్లు ఇప్పటికీ నిటారుగానే ఉంది. తలకి గుడ్డ కప్పి, ముల్లు తప్ప ఏమీ కనపడకుండా చేసి, లిసార్దోకి నేను నేర్పిన పాఠం గుర్తొచ్చింది. 'నీ ఒళ్ళు అబద్ధమాడుతుంది, ముల్లు ఆడదు. చచ్చినా ముల్లునే నమ్ము.' వాడు బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టే చేశాడు. కాసేపు స్క్రూలు ఏరుతున్నట్టు నటించాను.

ఆర్తేచే మాత్రం చురుకైనవాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, బెల్టు నుంచి బేడీలు తీశాడు.

"అయితే పైలట్ తప్పు కాదు. పరికరం చూసుకోవాల్సిన మెకానిక్ తప్పు. రా ముసలాయనా."

"ఆగు!"

"ఎందుకు ఆగాలి సార్? ఇద్దరు చచ్చారు. తాగుబోతు పైలట్ కావాలా, పనిదొంగ మెకానిక్ కావాలా, మీరే చెప్పండి. ఏదో ఒకటి రాసిగానీ నేను కదలను."

కసియానో రెండు చేతులూ ముందుకి చాపేశాడు. "తీసుకెళ్ళండి బాబూ. ఆ పిల్లాడు నా కళ్ళముందు పెరిగాడు. నాకు ఇంట్లో కూర్చున్నా నిద్ర పట్టట్లేదు."

"చేతులు దించు తాతా," అన్నాను. "అడిగినదానికి జవాబు చెప్పు. బుధవారం ఇంజన్లు వేశాక గాలి పీల్పు కొలిచే ముల్లు చూశావా?"

"చూశా. పచ్చ గీతలోనే ఉంది. అమ్మతోడు."

"గాలి వడగట్టే జాలీ?"

"ఆదివారం కొత్తది వేశా. పాతదాన్నిండా దుమ్మే."

"ఏదీ ఆ జాలీ?"

ముక్కల్లో వెతికి తెచ్చాడు. టీ గ్లాసంత రేకు డబ్బా, ఓ పక్క కాస్త నొక్కుకుపోయింది. పైలట్ ఎడమ మోకాలి పక్కన, పరికరాల పలక కింద ఉంటుంది అది. గొట్టం వైపు ఊదాను. బుగ్గలు నొప్పెట్టాయిగానీ గాలి దూరలేదు. ఇంజను పీలుస్తూనే ఉంటుంది, కొలిచే ముల్లు పచ్చ గీతలోనే ఉంటుంది, లోపలికి మాత్రం గాలి రాదు. ముక్కు మూసినవాడు ఎంత గట్టిగా పీల్చినా ఏం లాభం?

రేకు కత్తిరించాను. లోపల జాలీ మీద గట్టిగా ఎండిపోయిన ముద్ద, పుల్లటి బీరు వాసన. కత్తిమొనతో పెళ్ళగిస్తే పొరలు పొరలుగా ఊడింది. అన్నీ చిన్న చిన్న గుండ్రటి కాగితపు చుక్కలు. ఆకుపచ్చవి, గోధుమరంగువి, కొన్నిటి మీద నీలిగీతలు.

"చల్యా కాగితాలు," అన్నాడు ఆర్తేచే మెల్లగా. "బజారువి ఇలా ఉండవే."

బజారువి కావు. ఒక చుక్క మీద ఎర్ర పెన్సిలుతో రాసిన అంకె సగం ఉంది. ఏడుకి అడ్డగీత కొట్టి, తోక వంచి రాసే అలవాటు ఈ ఊళ్ళో నాకొక్కడికే ఉంది. ఉద్యోగం మారిన రోజున నా పాత ప్రయాణ పటం లిసార్దోకి ఇచ్చేశాను. మైదానాలు ఆకుపచ్చ, కొండలు గోధుమరంగు, నదులు నీలం.

అదేలా దగ్గరికి వెళ్ళి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. ఏళ్ళ తరబడి దొంగల్ని, అబద్ధాలకోర్లని నిలదీశాను. ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు. అయినా అడిగాను.

"అమ్మా, మంగళవారం చల్లిన కాగితాలు ఎక్కడివి?"

"ఇంట్లో చేశా. చిరిగిపోయిన పటం ఉంటే, చిల్లులు కొట్టే మిషనుతో కొట్టా. బజారు రంగులకంటే ఇదే మంచిదనిపించింది. ఆయన తిరిగే దారులే కదా అందులో ఉన్నవి." నా అరచేతిలో ఉన్న చుక్కని చూసింది. "అది మీకెక్కడ దొరికింది?"

"ఎక్కడెక్కడ చల్లావు?"

"ముక్కుకి, చక్రాలకి. లోపల వద్దే, పరికరాలున్నాయి అన్నాడాయన." ఆగింది. "ఆయన చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు లోపల కూడా చల్లా. మనిషి కూర్చునేది లోపలైతే ముక్కుని దీవించి ఏం లాభం? బీరు కూడా పోశా, దోసెడు. ఆ పలక మీద, కింద, అంతా..."

చెప్తూ చెప్తూ ఆమె నా మొహం చూసింది. నేను చూపు తిప్పుకోలేకపోయాను. అర్థమైపోయింది ఆమెకి. నోరు తెరుచుకుంది, ఏడుపు రాలేదు. ఊపిరి మాత్రం పైకి లాగి అలాగే ఉండిపోయింది.

"నేనా?" అంది.

జవాబు చెప్పకుండా ఇంకో ప్రశ్న అడిగాను. వృత్తి అలవాటు, ఏం చేస్తాం. "ఎన్ని విమానాలకి చల్లావమ్మా?"

"రెండు. ఒకే బుట్టలోంచి. ఆయనదీ, మా తమ్ముడిదీ."

తమ్ముడు ఎలోయ్. అదే కంపెనీలో రెండో విమానం నడుపుతాడు. బావ తాగి చచ్చాడని నమ్మి, అంత్యక్రియల తర్వాత అక్కతో మాట్లాడటం మానేశాడు.

"తాతా, ఎలోయ్ విమానం ఇంజను మరమ్మతులో ఉందన్నావుగా?"

"రాత్రి అయిపోయింది. దీవెన తర్వాత ఇవాళే మొదటిసారి లేచింది." ముసలాయన మొహం పాలిపోయింది. "ఆరూ యాభైకి. లా పాస్‌కి."

పొద్దున కొట్లో మసాకో తింటుంటే నెత్తిమీదుగా ఓ విమానం వెళ్ళింది. వినీ పట్టించుకోలేదు, వెధవని. మైదానం మీద గంటసేపు నేల కనిపిస్తూనే ఉంటుంది, ముల్లు బతికుందో చచ్చిందో ఎవడూ చూడడు. లిసార్దోకి మబ్బు తగలడానికి డెబ్భై రెండు నిమిషాలు పట్టింది. ఆరూ యాభైకి డెబ్భై రెండు కలిపితే ఎనిమిదీ రెండు.

గడియారం చూశాను. ఎనిమిదీ ఒకటి.

రేడియో గది రెండొందల అడుగుల దూరం. నేను పరిగెత్తడం మానేసి పదేళ్ళయింది. నాకంటే ముందు ఆర్తేచే చేరి తలుపు తోశాడు. ఆపరేటర్ చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"ఎలోయ్! మెల్గార్‌ని. ఎక్కడున్నావు?"

గరగర. తర్వాత గొంతు. "మబ్బులోకి వచ్చి నిమిషమైంది ఇన్‌స్పెక్టర్ గారూ. అంతా బానే ఉంది."

"ముల్లు?"

"నిటారుగా ఉంది. తిన్నగానే పోతున్నా."

"వేగం ఎంత?"

"నూట యాభై... నూట అరవై. కొంచెం పెరుగుతోంది, ముక్కు ఎత్తుతున్నా."

"ఎత్తకు! స్టీరింగు వెనక్కి లాగావంటే చుట్టు ఇంకా బిగుస్తుంది. ముల్లు చచ్చిపోయింది ఎలోయ్, దాన్ని చూడకు. నీళ్ళ దిక్సూచి చూడు. అంకెలు కదులుతున్నాయా?"

మూడు సెకన్లు. "రెండొందల అరవై... ఎనభై... తొంభై. అమ్మో! ఇదేంటి, తిరుగుతోంది! నాకు తిన్నగానే ఉన్నట్టుంది!"

"అంకెలు పెరిగితే కుడికి తిరుగుతున్నట్టు. ఇంజన్లు తగ్గించు. ఎడమ కాలు మెల్లగా నొక్కు, దిక్సూచి నెమ్మదించేదాకా. ఎత్తు?"

"పది వేల నాలుగొందలు. దిగుతోంది."

అక్కడి కొండలు ఎనిమిది వేలకి పైనే ఉన్నాయి. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే నేను అనలేదు.

"నీ ఎడమ మోకాలి పక్కన, పలక కింద, రేకు డబ్బా ఉంది. గాలి జాలీ. పట్టుకుని పీకెయ్."

"రావట్లేదు!"

"తిప్పి లాగు!"

రేడియోలో ఏదో విరిగిన చప్పుడు. అదేలా ఎప్పుడు వచ్చిందో, నా వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"వచ్చింది. గాలి కూస్తోంది."

"బొంగరం అందుకోడానికి టైము పడుతుంది. అప్పటిదాకా కాలు మాత్రమే. నీ ఒళ్ళు ఎడమకి పడిపోతున్నానని గోల పెడుతుంది. పెట్టనీ, నమ్మకు."

"పడిపోతున్నా ఇన్‌స్పెక్టర్ గారూ..."

"పడట్లేదు. అంకెలు చెప్పు."

"మూడొందలు... మూడొందల రెండు... మూడొందల రెండు. ఆగింది."

నలభై సెకన్లు నా గడియారంలో చూశాను.

"ముల్లు వణుకుతోంది," అన్నాడు ఎలోయ్. గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "కుడికి వాలింది. ఎడమ కాలు ఇంకాస్త... లేచింది. నిటారుగా లేచింది. ఈసారి నిజమేనా?"

"నిజమే. ఎత్తు?"

"తొమ్మిది వేల నూరు."

"ఇంజన్లు పెంచు. ఇప్పుడు ముల్లుని ఎడమవైపు గీత మీదికి తీసుకెళ్ళు, గుండు మధ్యలోనే ఉంచు. ఆ గీత మీద ఉంటే రెండు నిమిషాలకి ఒక పూర్తి చుట్టు. నీకు కావాల్సింది సగమే. అరవై లెక్కపెట్టి తిన్నగా చెయ్. నీ ముక్కు మన మైదానం వైపు ఉంటుంది. నాతోపాటు లెక్కపెట్టు."

నేను లెక్కపెట్టాను. రేడియోలో అతను లెక్కపెట్టాడు. ఇరవై దగ్గర కసియానో అందుకున్నాడు, ముప్ఫై దగ్గర ఆర్తేచే పెదాలు కదిలాయి. అదేలా కూడా లెక్కపెడుతోంది, ఒక్కో అంకెనీ పంటి కింద నలుపుతూ. అరవై తర్వాత ఇంకో నాలుగు నిమిషాలు ఎవరం ఏం మాట్లాడామో నాకు గుర్తులేదు.

"నది కనిపిస్తోంది," అన్నాడు ఎలోయ్. "ఎండ. అక్క ఉందా అక్కడ?"

మైకు ఆమె చేతికిచ్చాను. "ఉన్నాను రా," అంది. మైకు నా చేతిలో పెట్టేసి, గోడవార నేల మీద కూర్చుండిపోయింది.

ఆర్తేచే జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. ఏం రాయాలో తెలియనివాడిలా కాగితాన్నే చూస్తున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అంది అదేలా. "మా తమ్ముడికి ఎంతసేపు పట్టింది? ఆ డబ్బా పీకాక, ముల్లు లేవడానికి?"

"నిమిషం. నిమిషం లోపే."

"ఆయన మబ్బులో నాలుగు నిమిషాలున్నాడన్నారు."

మైకుని దాని కొక్కేనికి తగిలించాను.

"అప్పుడు ఎవరైనా ఇలాగే రేడియోలో చెప్పుంటే, ఆయనకీ సరిపోయేదా?"

నాకు అబద్ధం చెప్పడం వచ్చు. ఈ ఉద్యోగంలో చాలా చెప్పాను. ఈ మనిషికి ఒక్కటి చెప్తే నాకు పాపం అంటదు కూడా. కానీ ఆమె మూడు రోజులుగా నన్ను అడుగుతున్నది నిజం ఒక్కటే.

"సరిపోయేదమ్మా," అన్నాను.

తల ఊపింది. శాలువా చెంగుతో మొహం తుడుచుకుని, ఆర్తేచే వైపు తిరిగింది.

"తాగాడన్న మాట కొట్టేయండి లెఫ్టినెంట్ గారూ. తాత పేరు కూడా వద్దు. ఆయన లోపల వద్దన్నాడనీ, నేనే వినలేదనీ రాయండి. అదేలా కిస్బెర్ట్, పుట్టింటి పేరుతో సహా. నా పేరు పూర్తిగా రాయండి."

ఆర్తేచే కాగితాన్ని టేబుల్ మీద పెట్టి మొదటి వాక్యం కొట్టేశాడు. రెండోది రాయడానికి పెన్ను ఆనించాడు, చాలాసేపు అలాగే ఉంచాడు, సిరా చుక్క కాగితం మీద గుండ్రంగా పాకింది.